విక్టోరియా రూపాయికి వెల ఎంత? ఆన్‌లైన్‌లో పాత నాణేల విక్రయం

బ్రిటిష్ పాలనాకాలపు నాణేలు నేటికీ అనేక కుటుంబాలలో భద్రంగా ఉన్నాయి. కొన్ని భోషాణాల అడుగున, కొన్ని లక్ష్మీపూజ పళ్లెంలో కనిపిస్తాయి. వీటిని ఆన్‌లైన్‌లో సేకరణకర్తలకు విక్రయించదలచినవారు ముందుగా గ్రహించవలసిన విషయం ఒకటుంది. నాణేనికి వెల కేవలం వయస్సు వల్ల రాదు. ఎన్ని మిగిలాయి, ఏ స్థితిలో మిగిలాయి, కోరేవారు ఎందరు అన్నవే ధరను నిర్ణయిస్తాయి.

విక్టోరియా రాణి బొమ్మతో 1862 సంవత్సరం ముద్రించి ఉన్న రూపాయి ఇందుకు చక్కని ఉదాహరణ. నూట అరవై ఏళ్ల నాటిదని ఇంటివారు సంబరపడటం సహజం. అయితే సంవత్సరాన్ని మార్చకుండా టంకశాలలు అదే నాణేన్ని పదేళ్లకు పైగా ముద్రించాయి. అందువల్ల అది సులభంగా దొరికే నాణెం. దానికన్నా ఎంతో తర్వాతిదైన 1939 నాటి ఆరవ జార్జి వెండి రూపాయి మాత్రం అరుదు. 1911 నాటి ఐదవ జార్జి రూపాయి సంగతి మరీ విచిత్రం. రాజు ధరించిన హారంలోని ఏనుగు బొమ్మ పందిలా ఉందన్న అభ్యంతరాలు రావడంతో ప్రభుత్వం ఆ నాణేలను వెనక్కి తీసుకుని చాలావరకు కరిగించింది. సేకరణకర్తలు దానిని నేటికీ ‘పంది రూపాయి’ అనే పిలుస్తారు.

వెండి ధర కనీస హద్దు

1835 నుంచి 1939 వరకు వెలువడిన రూపాయి బరువు 11.66 గ్రాములు. అందులో 91.7 శాతం, అంటే సుమారు 10.69 గ్రాములు మేలిమి వెండి. 1940 నుంచి వెండి పాలు సగానికి తగ్గింది. 1947 నాటి రూపాయి నికెల్‌దే, వెండి ఏమాత్రం లేదు. కనుక మామూలు వెండి రూపాయికైనా ఆనాటి వెండి ధరకు తక్కువగా ఎవరు అడిగినా అంగీకరించనక్కరలేదు. 1943-47 మధ్య వచ్చిన చిల్లు కాణీలు కోకొల్లలు కాబట్టి వాటికి పెద్ద ధర ఆశించరాదు.

తెలుగు ప్రాంతానికి ప్రత్యేకమైన నాణేలూ ఉన్నాయి. ఉత్తర సర్కారుల కోసం ఈస్టిండియా కంపెనీ 1794లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో రాగి నాణేలు ముద్రింపజేసింది. రూపాయికి నలభై ఎనిమిది అన్న మాట వాటిపైనే కనిపిస్తుంది. నిజాం ప్రభుత్వపు చార్మినార్ బొమ్మ గల హాలీ సిక్కా వేరే బరువుది. దానిని బ్రిటిష్ రూపాయి లెక్కలో తూచరాదు.

నాణేన్ని చింతపండుతోగాని, విభూదితోగాని తోమరాదు. తళతళ మెరిసేలా తోమిన నాణెం సేకరణకర్త దృష్టిలో చెడిన నాణెమే. పగటి వెలుతురులో రెండు వైపులా, అంచును కూడా ఫొటో తీయాలి. కంసాలి త్రాసులో తూచిన బరువును ప్రకటనలో తెలపాలి. ఇంటర్నెట్‌లో కొందరు అడిగే లక్షల ధరలు ప్రమాణం కావు. ముంబయిలోని టోడీవాలా, బెంగళూరులోని మరుధర్ ఆర్ట్స్ వంటి సంస్థల వేలంలో నిజంగా పలికిన ధరలనే చూడాలి.

దేవతల బొమ్మల నాణేలు

సీతారామ పట్టాభిషేకం బొమ్మతో, 1818 సంవత్సరంతో, ఈస్టిండియా కంపెనీ పేరుతో ఉన్న నాణేలు గ్రామాలలో తరచు కనిపిస్తాయి. కంపెనీ అటువంటి నాణేలను ఏనాడూ విడుదల చేయలేదు. అవి తర్వాతి కాలంలో తయారైన బిళ్లలు. పూజలో ఉంచుకోవడానికి అడ్డు లేదు గాని నాణేలుగా వాటికి విలువ లేదు. బియ్యపు గింజలను లాగే మహిమ ఉందంటూ ‘రైస్ పుల్లింగ్’ పేరిట రాగి నాణేలను అంటగట్టే ముఠాల చేతిలో లక్షలు పోగొట్టుకున్నవారు రెండు రాష్ట్రాలలోనూ ఉన్నారు.

మోసం అమ్మేవారికీ తప్పదు. నాణేన్ని భారీ ధరకు కొంటామని ఫోన్ చేసి, ముందుగా కమీషన్, పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము చెల్లించమంటారు. రిజర్వు బ్యాంకు పేరు, చిహ్నం వాడుతూ జరుగుతున్న ఇటువంటి మోసాల గురించి ఆ బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరిక జారీ చేసింది. తాను ఈ క్రయవిక్రయాలు జరపనని, రుసుములు అడగనని స్పష్టం చేసింది. సొమ్ము పుచ్చుకోవడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయవలసిన పని గాని, పిన్ నొక్కవలసిన పని గాని లేదు. మోసపోయినవారు ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి.

చట్టం విషయం కూడా ఉంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన నాణెం పురావస్తువే. విదేశీ కొనుగోలుదారు ఎంత ధర చూపినా దానిని దేశం దాటించడం నేరం. అటువంటి నాణేల క్రయవిక్రయాలను వ్యాపారంగా సాగించేవారు లైసెన్సు పొందాలి. పొలం దున్నేటప్పుడో, పునాది తవ్వేటప్పుడో నాణేలు బయటపడితే అవి దొరికినవారి సొంతం కావు. 1878 నాటి గుప్తనిధుల చట్టం కింద జిల్లా కలెక్టరుకు తెలియజేయవలసి ఉంటుంది.