ఆగిన కాలువ, పోయిన రైలు, మిగిలిన దారి

మా నాన్నగారు ముప్ఫయ్యేళ్ళపాటు గోదావరి కాలువగట్టు మీద సైకిలు తొక్కుకుంటూ బడికి వెళ్ళి పాఠాలు చెప్పి వచ్చారు. ఆయన దృష్టిలో సైకిలంటే పనికి పోయే సాధనం. కొన్నేళ్ళ క్రితం ఒక సెప్టెంబరులో నేను ప్రయాణానికి సిద్ధమవుతూ ఫోను చేసినప్పుడు మా మధ్య నడిచిన సంభాషణ ఇది.

"ఎక్కడికిరా ప్రయాణం?"

"పిట్స్‌బర్గ్ నుంచి వాషింగ్టన్‌కి నాన్నా. సైకిలు మీద."

"అక్కడ పనేమిటి?"

"పనేమీ లేదు."

"పనీపాటా లేకుండా తొక్కడానికి అక్కడ దారులు కూడా వేశారా?"

అప్పటికి నవ్వేసి ఊరుకున్నాను. దారి పొడుగునా ఆ ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. నిజానికి ఆ దారిని ఎవరూ సరదా కోసం వేయలేదు. అందులో కాలువగట్టు వేసినవాళ్ళకు సైకిలంటే ఏమిటో కూడా తెలియదు. ఆనాడు ఫోనులో చెప్పలేకపోయిన జవాబును ఈ టపాలో చెప్పే ప్రయత్నం చేస్తాను.

దారి మొత్తం సుమారు 334 మైళ్ళు, అంటే ఇంచుమించు 537 కిలోమీటర్లు. అందులో పిట్స్‌బర్గ్ నుంచి కంబర్లాండ్ దాకా 150 మైళ్ళు పాత రైలుకట్ట. దాని పేరు గ్రేట్ అలెఘెనీ పాసేజ్. కంబర్లాండ్ నుంచి వాషింగ్టన్ నగరంలోని జార్జ్‌టౌన్ దాకా 184.5 మైళ్ళు చెసపీక్ అండ్ ఒహాయో కాలువ గట్టు. ఈ రెంటి మీదా మోటారు వాహనాలు తిరగవు. నడిచేవాళ్ళు, సైకిళ్ళవాళ్ళు, పిల్లల బండ్లు తోసుకుంటూ వెళ్ళే తల్లులు, కొన్నిచోట్ల గుర్రపు రౌతులు, అందరిదీ అదే దారి. నాలాంటి మోకాళ్ళ నొప్పులవాడు కూడా రోజుకు నలభై యాభై మైళ్ళు వెళ్ళగలడు. మధ్యలో అప్పలాచియన్ పర్వతశ్రేణి అడ్డంగా పడుకుని ఉండగా ఇదెలా సాధ్యం? రైలు కొండ ఎక్కలేదు కాబట్టి! ఉక్కు పట్టాల మీద ఉక్కు చక్రానికి పట్టు తక్కువ. అందుచేత రైలుమార్గం వేసేవాళ్ళు కొండను తొలిచో, లోయను పూడ్చో, వంతెన కట్టో వాలును వంద అడుగులకు ఒకటి రెండు అడుగులకు మించనివ్వరు. కాలువ సంగతి చెప్పనే అక్కరలేదు, నీరు నిలకడగా ఉండాలంటే గట్టు దాదాపు సమతలంగా సాగవలసిందే. అలనాటి ఇంజనుకూ పడవకూ ఉన్న అశక్తత ఈనాడు నా మోకాళ్ళకు వరమైంది.

పిట్స్‌బర్గ్‌లో రెండు నదులు కలిసి ఒహాయో నదిగా మారే కొసన బయలుదేరాను. గంట కూడా గడవకముందే హోమ్‌స్టెడ్ దగ్గర దారి పక్కన ఒక పాత ఇటుకల కట్టడం కనిపించింది. కార్నెగీ ఉక్కు కర్మాగారానికి చెందిన పంపుహౌసు అది. 1892 జులై 6న సమ్మెలో ఉన్న కార్మికులను అణచడానికి హెన్రీ క్లే ఫ్రిక్ రప్పించిన పింకర్టన్ మనుషులు పడవల మీద వచ్చి దిగబోయింది ఇక్కడే. ఆ రోజు ఇరుపక్షాలవాళ్ళూ ప్రాణాలు కోల్పోయారు. సైకిలు గోడకు ఆనించి కాసేపు నిలబడ్డాను. నది ప్రశాంతంగా ఉంది. ఈ దారి ఇంత నునుపుగా ఉన్నా కింద ఉన్నది నునుపైన చరిత్ర కాదని మొదటిరోజే తెలిసివచ్చింది.

ఎగువకు వెళ్ళగా ఓహయోపైల్ వస్తుంది. యాకగేనీ నది అక్కడ జలపాతమై దూకుతుంది. 1754 మే నెలలో ఇరవై రెండేళ్ళ జార్జి వాషింగ్టన్ నీటిమార్గం వెతుక్కుంటూ ఈ నది వెంట వచ్చి, ఈ జలపాతాన్ని చూసి ఆశ వదులుకుని వెనుదిరిగాడు. ఆశ వదులుకున్నది ఆ ఒక్క నది మీదే. తూర్పు తీరంలోని పొటోమాక్ నదిని పడమటనున్న ఒహాయో నదితో కలపాలన్న కోరిక ఆయన్ను జీవితాంతం వెంటాడింది. 1785లో ఆ పనికోసమే పొటోమాక్ కంపెనీ ఏర్పడితే దానికి అధ్యక్షత వహించాడు.

ఆ కోరికకు వారసురాలే చెసపీక్ అండ్ ఒహాయో కాలువ. 1828 జులై 4న అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్ తొలి పార మన్ను తీయబోతే పారకు వేరు తగిలిందట. మళ్ళీ ప్రయత్నించి, చివరికి కోటు విప్పి పక్కన పడేసి మరీ తవ్వాడు. అంతకంటె పెద్ద శకునం అదేరోజు బాల్టిమోర్‌లో జరిగింది. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవారిలో అప్పటికి బతికి ఉన్న ఒకే ఒక్కడు, తొంభయ్యేళ్ళ చార్ల్స్ కారల్, బాల్టిమోర్ అండ్ ఒహాయో రైలుమార్గానికి పునాదిరాయి వేశాడు. కాలువకూ రైలుకూ ఒకే ముహూర్తం, ఒకే గమ్యం! పందెంలో రైలు 1842లో కంబర్లాండ్ చేరింది. కాలువ ఈదుకుంటూ 1850లో చేరింది. అక్కడితో కంపెనీ చేతులెత్తేసింది. కొండ దాటి పిట్స్‌బర్గ్ చేరడమన్న మాట కాగితాల మీదే మిగిలిపోయింది.

కాలువ అంత ఆలస్యం కావడానికి ఒక కారణాన్ని నా కళ్ళతో చూశాను. కంబర్లాండ్ దాటాక పాపా సొరంగం ఉంది. నది చుట్టలు చుట్టలుగా తిరిగే చోట ఆరేడు మైళ్ళు తప్పించుకోవాలని కొండను తొలిచారు. పొడవు 3118 అడుగులు. రెండేళ్ళలో ముగించాలనుకున్న పని 1836 నుంచి 1850 దాకా సాగింది. ఐర్లండ్, ఇంగ్లండ్, వేల్స్, జర్మనీల నుంచి వచ్చిన కూలీలు జీతాలందక, తమలో తాము కొట్టుకుంటూ, చీకట్లో రాయి తొలిచారు. అంతకుముందు 1832లో కలరా వచ్చి కాలువ పనివాళ్ళను పొట్టన పెట్టుకుంది. ఆ సొరంగంలో సైకిలు తొక్కడం కష్టం, దిగి నడిపించుకుంటూ పోవాలి. దీపం వెలుగులో చేతికి తగిలే కొయ్య కమ్మీ మీద లోతైన గాట్లున్నాయి. కంచరగాడిదలు పడవను లాగుతున్నప్పుడు తాడు ఒరుసుకుని పడిన గాట్లవి. ఆడమ్స్ కోటు విప్పిన కథ పుస్తకాల్లో ఉంది. ఈ రాయి తొలిచినవాళ్ళ పేర్లు మాత్రం నాకు దారిలో ఏ పలక మీదా కనిపించలేదు.

ఇక రైలుకట్ట కథ. నేను తొక్కిన కొండ భాగాన్ని వెస్టర్న్ మేరీలాండ్ రైల్వే 1910, 1912 సంవత్సరాల మధ్య వేసింది. 1908 అడుగుల పొడవున్న సాలిస్‌బరీ వంతెన, సుమారు 3300 అడుగుల బిగ్ సావేజ్ సొరంగం దాని చేతిపనులే. 2392 అడుగుల ఎత్తున జలవిభాజక రేఖ వస్తుంది. అక్కడ పడిన వానచుక్క ఒకవైపు జారితే అట్లాంటిక్ సముద్రానికి, మరోవైపు జారితే మెక్సికో సింధుశాఖకు చేరుతుంది. పిట్స్‌బర్గ్ నుంచి అక్కడికి వచ్చేవరకు నేను కొండ ఎక్కుతున్నానన్న సంగతే నాకు తెలియలేదు. అక్కడినుంచి కంబర్లాండ్ దాకా ఇరవైనాలుగు మైళ్ళు పెడలు పెద్దగా తొక్కకుండానే జారిపోయాను. ఇంత వైభవంగా వేసిన దారిని 1975లో రైల్వే వదిలేసింది.

రైలు వదిలేసిన దారి ఏమవుతుంది? ఇక్కడే అసలు చిక్కు. చాలాచోట్ల రైల్వేకు ఆ నేల మీద ఉన్నది దారి హక్కు మాత్రమే. రైలు పోతే హక్కు పోతుంది, నేల పక్క పొలంవాళ్ళదవుతుంది. మధ్యలో నాలుగెకరాలు చేజారితే చాలు, వంద మైళ్ళ దారి ముక్కలైపోతుంది. తిరిగి అతకడం ఎవరి తరమూ కాదు. దీన్ని గ్రహించి 1983లో అమెరికా కాంగ్రెసు ఒక చట్టసవరణ చేసింది. మున్ముందు రైలు మళ్ళీ రావచ్చునన్న భావనతో మార్గాన్ని దాచి ఉంచి, అందాకా నడకదారిగా వాడుకోవచ్చునన్నది దాని సారాంశం. దీన్ని వెర్మాంట్‌కు చెందిన ప్రిసాల్ట్ దంపతులు సుప్రీంకోర్టులో సవాలు చేశారు. 1990లో కోర్టు చట్టాన్ని నిలబెట్టింది, నష్టపోయినవారు పరిహారం కోరవచ్చునని కూడా చెప్పింది. సైకిలువాడిగా ఆ తీర్పు నాకు సంతోషమే. రైతు కుటుంబంలో పుట్టినవాడిగా ఆలోచిస్తే, రైలుకోసం తాతలిచ్చిన నేల తిరిగి వస్తుందని ఎదురుచూసినవాడి బాధా నాకు అర్థమవుతుంది. పరిహారం అనే మాటే లేకపోతే ఈ దారి మీద అంత తేలిగ్గా తొక్కగలిగేవాణ్ణి కాదనుకుంటాను.

కాలువ కథ వేరు. 1924 వరదకు దెబ్బతిని అది మూతబడింది. అప్పటికి దాని మీద పెత్తనం చేస్తున్నది ఎవరనుకున్నారు? పందెంలో గెలిచిన ఆ రైల్వేనే! 1938లో రైల్వే దాన్ని ఇరవై లక్షల డాలర్లకు ప్రభుత్వానికి అమ్మేసింది. తరువాత కాలువ వెంట కార్లకోసం రోడ్డు వేయాలన్న ఆలోచన వచ్చింది, 1954 జనవరిలో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక సంపాదకీయంలో దాన్ని సమర్థించింది. సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ ఆ పత్రికకు ఉత్తరం రాస్తూ, నాతో కలిసి గట్టు మొత్తం నడిచి చూడండి, తరువాత మాట్లాడుకుందామని సంపాదకుణ్ణి ఆహ్వానించాడు. మార్చి నెలలో కంబర్లాండ్ నుంచి యాభైమందికి పైగా బయలుదేరారు. చివరిదాకా నడిచినవారు డగ్లస్‌తో కలిపి తొమ్మిదిమందే. పత్రిక తన అభిప్రాయాన్ని సవరించుకుంది. 1971లో కాలువ జాతీయ చారిత్రక ఉద్యానమైంది. తీర్పులు చెప్పే మనిషి ఈ తగాదాలో తీర్పు చెప్పకుండా కాళ్ళకు పని చెప్పాడు. నాకు ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికంటె నచ్చిన ఘట్టం ఇదే.

రైలుకట్ట మీద తొలి తొమ్మిది మైళ్ళు 1986లో ఓహయోపైల్ దగ్గర తెరిచారు. ఊరూరా ఉన్న స్వచ్ఛంద సంఘాలు ఒక్కొక్క ముక్కనే అతుకుతూ వచ్చాయి. చివరి ముక్క అతికి, పిట్స్‌బర్గ్ నదుల కూడలి దాకా దారి పూర్తయినది 2013లో. అంటే వాషింగ్టన్ కలగన్న మార్గం, కాలువ కంపెనీ కొండ పాదాల దగ్గర వదిలేసిన మార్గం, సరుకు లేకుండా, లాభం లేకుండా, నలగ్గొట్టిన సున్నపురాయి పొడి మీద పూర్తయిందన్నమాట. మూతబడిన కాలువా, రైల్వే వదిలేసిన కట్టా కంబర్లాండ్‌లో చేయి కలిపాయి.

ఎనిమిదోరోజు సాయంత్రం జార్జ్‌టౌన్‌లో సున్నా మైలురాయి దగ్గర సైకిలు దిగి, మర్నాడు నాన్నగారికి ఫోను చేసి ఇదంతా చెప్పాను. ఆయన ఓపికగా విన్నారు.

"లాకులున్నాయన్నావు, మన లాకుల్లాంటివేనా?"

"అవే నాన్నా. మొత్తం డెబ్భై నాలుగు. లాకు కాపలాదారుల ఇళ్ళు కూడా ఉన్నాయి. కొన్నింట్లో రాత్రికి అద్దెకు పడుకోనిస్తారు."

"తలుపులు ఇంకా ఉన్నాయా?"

"కొన్నిచోట్ల ఉన్నాయి. కొన్నిచోట్ల రాతిగోడలే మిగిలాయి."

కాసేపు మాట్లాడలేదాయన. తరువాత అన్నారు: "మన గట్టు మీద ఇప్పుడు లారీలు తిరుగుతున్నాయిరా. మొన్న సైకిలు మీద వెళ్తే మూడుసార్లు దిగి పక్కన నుంచోవలసి వచ్చింది."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. గోదావరి కాలువల మీద పడవలు తిరిగిన రోజులు ఆయనకు తెలుసు, నాకు లీలగా మాత్రమే గుర్తు. ఆ గట్లు కూడా ఎవరో చెమటోడ్చి వేసినవే, సమతలంగా, చెట్ల నీడన, ఊరినీ ఊరినీ కలుపుతూ సాగినవే. వాటి పక్కన నడిచేవాడికీ సైకిలువాడికీ ఒక బారెడు దారి మిగిల్చి ఉంచడం పెద్ద ఖర్చనుకోను. ముక్కలు కాకముందే ఎవరో ఒకరు ఆ మాట అనాలి, అంతే.

మీ ఊళ్ళో మూతబడిన కాలువదారో, పట్టాలు పీకేసిన రైలుకట్టో ఉంటే, దాని మీద ఇప్పుడు ఎవరు నడుస్తున్నారో రాయండి. నాన్నగారికి చదివి వినిపిస్తాను.