మహామహోపాధ్యాయ

'''మహామహోపాధ్యాయ''' అనేది సంస్కృతములోను, భారతీయ శాస్త్రములలోను అసాధారణ పాండిత్యము గలవారికి ఇచ్చే బిరుదు. బ్రిటిషు పాలనలో ఇది ప్రభుత్వ బిరుదు. స్వాతంత్ర్యానంతరం సంస్కృత విశ్వవిద్యాలయాలు దీనిని స్నాతకోత్సవాలలో గౌరవ పట్టముగా ప్రదానం చేస్తున్నాయి. తిరుపతిలోని రాష్ట్రీయ సంస్కృత విద్యాపీఠం వీటిలో ఒకటి. ఈ సంస్థ 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంగా మారింది.

== పదార్థము ==
ఎవరిని చేరి విద్య నేర్చుకొంటారో ఆయన ఉపాధ్యాయుడు. అంతకు పెద్ద మహోపాధ్యాయుడు, ఆయనకంటె పెద్ద మహామహోపాధ్యాయుడు. మనుస్మృతి ప్రకారం శిష్యునికి ఉపనయనం చేసి వేదమంతా చెప్పేవాడు ఆచార్యుడు. వేదములో ఒక భాగాన్నో, వేదాంగాలనో జీవనోపాధికై చెప్పేవాడు ఉపాధ్యాయుడు. అనగా ధర్మశాస్త్రములో ఉపాధ్యాయుని స్థానం ఆచార్యుని తరువాతిదే. అయినప్పటికీ ఆ మాటకే "మహా" శబ్దం రెండుమార్లు చేరి పండితులకు అత్యున్నత బిరుదు అయింది.

== చరిత్ర ==
మిథిల పండితుల పేర్లకు ముందు ఈ బిరుదు బ్రిటిషు పాలనకు పూర్వమే కనిపిస్తుంది. 1887లో విక్టోరియా రాణి పాలన స్వర్ణోత్సవ సందర్భంగా ప్రభుత్వం ఈ పాత పేరునే స్వీకరించి అధికారిక బిరుదుగా నెలకొల్పింది. అరబ్బీ, పారశీక విద్వాంసులకు దీనికి సమానమైనది "షంసుల్ ఉలేమా".

== రాజ్యాంగము ==
1950 జనవరి 26న అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగం 18వ అధికరణం ప్రకారం ప్రభుత్వం ఎవరికీ బిరుదులు ఇవ్వరాదు. రావు బహదూర్, దివాన్ బహదూర్ వంటి బిరుదుల ప్రదానానికి ఇక అవకాశం లేకపోయింది. అయితే సైనిక, విద్యా సంబంధమైన విశిష్టతలకు అదే అధికరణం మినహాయింపునిచ్చింది. ప్రభుత్వ బిరుదుగా ముగిసిన మహామహోపాధ్యాయ, విద్యాగౌరవంగా విశ్వవిద్యాలయాలలో కొనసాగుతున్నది.

== ఇతర పట్టములతో తేడా ==
సంస్కృత విద్యాసంస్థలలో శాస్త్రి పట్టము బి.ఎ.కు, ఆచార్య ఎం.ఎ.కు, విద్యావారిధి పిహెచ్.డి.కి సమానం. మొదటి రెండూ పరీక్షల ద్వారా, మూడవది పరిశోధన ద్వారా లభిస్తాయి. మహామహోపాధ్యాయకు పరీక్ష గాని, సిద్ధాంత గ్రంథం గాని లేదు. జీవితకాలపు విద్యాసేవను గుర్తించి ఇస్తారు. కనుక దీనిని చదివి సంపాదించే పట్టముగా పొరబడరాదు.

== ప్రసిద్ధులు ==
* కొక్కొండ వేంకటరత్నం పంతులు - మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితుడు, "ఆంధ్రభాషా సంజీవని" పత్రిక సంపాదకుడు.
* ఉ.వే. స్వామినాథ అయ్యర్ - ప్రాచీన తమిళ గ్రంథాల పరిష్కర్త. 1906లో బిరుదు పొందాడు. ఇది సంస్కృత పండితులకే పరిమితం కాలేదనడానికి ఈయన ఉదాహరణ.
* పాండురంగ వామన కాణే - "ధర్మశాస్త్ర చరిత్ర" గ్రంథకర్త. 1942లో ఈ బిరుదు, 1963లో భారతరత్న పొందాడు.
* పుల్లెల శ్రీరామచంద్రుడు - ఉస్మానియా విశ్వవిద్యాలయ సంస్కృతాచార్యుడు. అనేక సంస్కృత శాస్త్ర గ్రంథాలను తెలుగులోకి తెచ్చాడు. 2011లో పద్మశ్రీ పొందాడు.