ఇంజనుల పేర్లలో శ్లేష

శ్లేష కవుల సొత్తని మన తలంపు. ఇంగ్లండులో ఒక రైలు కంపెనీ తెలియకయే శ్లేషలు కూర్చినది. 1923లో ఏర్పడిన లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ రైల్వే వారు డాంకాస్టరు కర్మాగారమున తయారైన పెక్కు ఇంజనులకు పందెపు గుఱ్ఱముల పేర్లు పెట్టిరి. సెయింట్ లెజర్ పందెము జరుగునది ఆ ఊరిలోనే కనుక అచటివారికి ఇందు వింత లేదు. పందెములెరుగని ప్రయాణికుని సంగతి వేరు. 1867 డెర్బీ గెలిచిన గుఱ్ఱము ‘హెర్మిట్’, అనగా ఏకాంతవాసియగు ముని. ఇంజనైన పిమ్మట ఆ ముని వందలమందిని వెంటబెట్టుకొని పరుగెత్తెను! 1931 సెయింట్ లెజర్ విజేత ‘శాండ్‌విచ్’. దాని తల్లి పేరు ‘వాఫుల్స్’, అదియు ఒక తినుబండారమే, వంటయింటి వంశమన్నమాట. ఆకలితో ప్లాట్‌ఫారముపై నిలిచినవానికి ఇంజనుమీది ఆ అక్షరములు గుఱ్ఱమును స్ఫురింపజేయునా?

1960 దశకము ముగియులోపల ఆ తరగతి ఇంజనులన్నియు తుక్కుక్రింద పోయినవి. మిగిలినది ‘ఫ్లయింగ్ స్కాట్స్‌మన్’ ఒక్కటే. అది గుఱ్ఱము పేరు కాదు; లండన్, ఎడింబరోల నడుమ నడచు బండి పేరునే 1924లో ఇంజనుకును పెట్టిరి. ఆ పేర బండియు నడచుచున్నది, ఇంజనును ఉన్నది. ఎవరైన ‘ఫ్లయింగ్ స్కాట్స్‌మన్‌ను చూచితిని’ అన్నచో, ఏది యని నేటికిని అడుగవలసియే యున్నది.