గన్‌ఫౌండ్రీ చుట్టూ రాజుకున్న పొయ్యిలు

సలి గట్టిగనే పెట్టింది. మంటల ఇంకో రెండు కట్టెలెయ్యి బిడ్డా, గా షాలు కప్పుకొని జర దగ్గరికి జరుగుండ్రి. పొద్దటి సంది ఫోన్ల హోటళ్ల పేర్లు చూస్తున్నరు గదా, పట్నంల ఎక్కడ ఏం బాగుంటదని. నేను గన్‌ఫౌండ్రీ బ్యాంకుల నౌకరి చేసిన మనిషిని. ఆ బ్యాంకు చుట్టుపక్కల ఎవరెవరు ఎక్కడి నించి వచ్చి పొయ్యి రాజేసిండ్రో చెప్త, ఇనుండ్రి. హైదరాబాద్ చరిత్ర నేను కితాబులల్ల సదివింది తక్కువ, పళ్లెంల తిని తెలుసుకున్నదే ఎక్కువ.

ముందుగాల జాగ సంగతి. గన్‌ఫౌండ్రీని పాతోళ్లు తోప్ కా సాంచా అనేటోళ్లు. నిజాం కొలువుల ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ 1786ల అక్కడ తోపులు, గుండ్లు పోతపోసే కార్ఖానా పెట్టిచ్చిండు. దాటి జర ముందుకు పోతే ఆబిడ్స్. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ తాన పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ అక్కడ దుకాణం నడిపిండు, ఆ పేరే చౌరస్తాకు వడ్డది. ఒకరు ఫ్రాన్స్ నించి వచ్చినోడు, ఇంకొకరు అర్మేనియా మూలాలున్న యూదుడు. జాగ పేర్లల్లనే పరాయి దేశాలుంటే ఇగ తిండి సంగతి అడగాల్నా!

నేను ఆలేరు దిక్కు పల్లె నించి సదువుకు వచ్చినోన్ని. నాంపల్లి టేషన్ల దిగంగనే ముక్కుకు తాకింది ఇరానీ చాయ్ వాసనే. మీరిప్పుడు తాగేటి చాయ్‌ల పాలు, చక్కెర, ఆకు అన్నీ ఒక్కతాన మరుగుతయి. ఇరానీ పద్ధతి వేరు. డికాక్షన్ ఒక గిన్నెల మూతపెట్టి, ఆవిరి పోకుంట, సన్న మంట మీద దమ్ము మీదుంటది. పాలు వేరే గిన్నెల గంటలకొద్ది కాగి చిక్కవడతయి. మొదలు కప్పుల డికాక్షన్, మీదికెల్లి పాలు. పౌనా అంటే డికాక్షన్ తక్కువేసి పాలు ఎక్కువ పోసేది. చల్లటి రాతి బల్ల మీద కప్పు, పక్కపొంటి ఉస్మానియా బిస్కెట్. తియ్యగ, జర ఉప్పగ, నోట్ల పెట్టుకుంటే కరిగిపోతది. బిల్లు కాయితం ఉండకపోయేది. నువ్వు లేవంగనే బేరర్ అక్కడి నించే గల్లా కాడికి కేకేసేటోడు: ఏక్ చాయ్, దో బిస్కెట్, ఏక్ లుక్మీ. గల్లా మీదున్న ముసలాయన తప్పు లెక్క చెప్పంగ నేను ఎన్నడూ చూడలె.

ఆ చాయ్ హోటళ్లు పెట్టిన ఇరానోళ్లు ఎక్కువగా యజ్ద్ దిక్కు నించి బొంబాయి మీదుగ వచ్చినోళ్లు. మూల మీది దుకాణాలను మనోళ్లు అరిష్టమని ఇడిచిపెడితే వాళ్లు సంబురంగ కిరాయికి తీసుకున్నరని అంటరు. మూల మీదుంటే రెండు సడకుల జనం వస్తరు గదా. ఆబిడ్స్‌ల గ్రాండ్ హోటల్ 1935 నించి ఉన్నది. గుల్బర్గా నించి వచ్చిన నా హాస్టల్ దోస్తు ఒకనాడు రాత్రి నన్ను అక్కడికే తోలుకపోయిండు. మా ఊర్ల మాంసమంటే పండుగకో, దసరాకో. బియ్యమూ మాంసమూ ఒక్క గిన్నెల ఉడుకుతయని నాకెరుకే లేదు. బిర్యానీ పళ్లెం ముందట పెట్టంగనే, అడుగున దాగిన ముక్క కోసం మెతుకులు పక్కకు జరుపుకుంట పోయిన. పైన తెల్లటి మెతుకులు, నడుమ కేసరి రంగువి, అడుగున మసాల పట్టినవి, ఒక్కో బుక్కకు ఒక్కో రుచి.

ఆబిడ్స్‌లనే ఓరియంట్ హోటల్ ఉండేది. ఇప్పుడు లేదు. దాని గురించి చెప్పకుంటే ఈ ముచ్చట అయిపోయినట్టు గాదు. మఖ్దూం మొహియుద్దీన్ లాంటి కవులు, విలేకరులు, ఎర్రజెండా మనుషులు, నిరుద్యోగులు, అందరు అక్కడే. ఒక్క చాయ్ చెప్పి గంటలు గంటలు కూసున్నా లెవ్వుమని అనెటోళ్లు గాదు. గది కిరాయికి దొరకని పిలగాండ్లకు ఆ కుర్చీలే గది. ఇయ్యాల గంట కూసుంటే బిల్లు తెచ్చి ముందట పెడుతున్నరు. నాకు దానికి బాధైతది. కూసోనిచ్చేటి జాగ పోతే పట్నానికి ఒక కన్ను గుడ్డిదైనట్టే.

ఇగ ఇడ్లీ సంగతి. ఇది జర పెద్ద ముచ్చట. 1948 సెప్టెంబర్ల పోలీసు యాక్షన్ అయింది, నిజాం రాజ్యం ఇండియల కలిసింది. అదే ఏడు ఆబిడ్స్‌ల తాజ్‌మహల్ హోటల్ తెరిచిండ్రు, ఉడుపి పద్ధతి శాకాహారం. పోలీసు యాక్షన్ ఎన్కనే మద్రాసు దిక్కు నించి, ఆంధ్ర దిక్కు నించి నౌకర్లు వచ్చి మన కచేరీలల్ల కూసున్నరు. మన పిలగాండ్లకు కొలువులు పోయినయి. 1952ల ముల్కీ లొల్లి లేచింది, ముల్కీ అంటే ఇక్కడోడు. పిల్లలు జులూసు తీసి అరిచిన నినాదాలల్ల ఒకటి "ఇడ్లీ సాంబార్ గో బ్యాక్". సిటీ కాలేజీ కాడ కాల్పులైనయి, పిల్లలు సచ్చిపోయిండ్రు. మా మేనమామ ఆ జులూసుల ఉన్నడు. నేను చిన్నగున్న, ఊర్ల మా అమ్మ ఏడుసుకుంట కూసున్నది నాకు యాదికున్నది.

నౌకరి వచ్చినంక నా మొదటి జీతం నాడు అదే మేనమామ నన్ను ఎక్కడికి తీసుకపోయిండో ఎరుకనా? తాజ్‌మహల్ హోటల్‌కే. రెండు ఇడ్లీ, సాంబార్, మీదికెల్లి ఫిల్టర్ కాఫీ. నేను ఆయన మొఖం దిక్కు చూసిన. ఆయన సాంబార్ల ఇడ్లీ ముంచుకుంట అన్నడు: "మా కొట్లాట నౌకర్ల మీదరా, ఇడ్లీ మీద గాదు. ఇడ్లీ ఎవ్వరి కొలువూ గుంజుకోలె." ఆ మాట నేను ఇంతవరకు మరువలె. కోపం నిజమైందే, దానికి కారణమూ నిజమైందే. రుచి కూడా నిజమే. రెండూ ఒక్క మనిషిల ఉంటయని నాకు ఆనాడే తెలిసింది.

నా బ్యాంకు ముచ్చట ఇప్పుడు చెప్పాలె. హైదరాబాద్ స్టేట్ బ్యాంకు 1942 ఏప్రిల్ 5న గన్‌ఫౌండ్రీల మొదలైంది, నిజాం సర్కారు బ్యాంకు. అప్పుడు హైదరాబాద్ రాజ్యమంటే పదహారు జిల్లాలు. ఎనిమిది తెలుగువి, ఐదు మరాఠీవి, మూడు కన్నడవి. 1956 నవంబర్ 1న రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేసిండ్రు. మరఠ్వాడా బొంబాయిల కలిసింది, గుల్బర్గా దిక్కు మైసూరుకు పోయింది. రాష్ట్రం ముక్కలైంది గాని బ్యాంకు ముక్కలు గాలె. ఔరంగాబాద్, పర్భణీ, రాయచూరు, బీదర్, అన్ని బ్రాంచిలూ మన గన్‌ఫౌండ్రీ కిందనే నడిచినయి. అందుకే పగటి బువ్వ యాళ్లకు మా గదిల మూడు రాష్ట్రాల టిఫిన్ డబ్బాలు తెరుసుకునేటివి.

పర్భణీ ఆయన డబ్బాల జొన్న భాకరీ, పచ్చిమిరపకాయ ఎల్లిగడ్డ దంచిన ఠేచా. రాయచూరు ఆయన తాన శేంగా చట్నీ పొడి, మీద నూనె. తెనాలి నించి వచ్చినాయన తాన గోంగూర పచ్చడి, వేడన్నంల నెయ్యి. నా తాన మా ఇంటామె చేసిన సర్వపిండి. అందరికి మొదలు జొన్నరొట్టెనే దోస్తు అయింది. పర్భణీ ఆయన మన సర్వపిండి తుంచి, "ఇది మా థాలీపీఠ్‌కు చెల్లె" అన్నడు. తెనాలి ఆయన మొదట పచ్చిపులుసు చూసి మొఖం చిట్లించిండు. ఉడకవెట్టని చారు ఏందని. ఎండకాలం ఒకనాడు తాగిచూసిండు. ఇగ ఆనాటి నించి మా ఇంటామె రెండు గిన్నెలు పంపాల్సి వచ్చేది. ఆయన ఇంటి నించి ఏటేటా మాగాయ జాడీ వచ్చేది. ముల్కీ, గైర్ ముల్కీ అని బయట సడకల మీద 1969ల మళ్లీ లొల్లి నడిచిన రోజులల్ల గూడ మా బల్ల మీద డబ్బాలు మూసుకోలె. బయటి మాటలు లోపల మాట్లాడుకునేటోళ్లం, గట్టిగనే మాట్లాడుకునేటోళ్లం, తినుకుంటనే.

ట్రాన్స్‌ఫర్లతోని నేను ఆ డబ్బాలు పుట్టిన ఊర్లు చూసిన. ఔరంగాబాద్‌ల ఒక గల్లీల నాన్ ఖలియా దొరికింది. ఎవ్వరూ చెప్పలె. మసీదు పక్కన దేగ్ మీద మూత తీసిండ్రు, వాసన పట్టుకొని పోయిన. ఎర్రటి పులుసు మీద రోగన్ తేలుతది, పక్కన పసుపు రంగు మెత్తటి నాన్. తుగ్లక్ రాజధాని దౌలతాబాద్‌కు మార్చిన కాలం నించి ఆ వంట ఉన్నదని అక్కడోళ్లు చెప్పుకుంటరు. గుల్బర్గాల ఖానావళి. గోడ పొంటి వరుసగ పీటలు, చేతులతోని కొట్టిన పల్చటి జొన్నరొట్టెలు వేడి వేడిగ పళ్లెంల పడుతనే ఉంటయి, వద్దనేదాంక. నిండ మసాల కూరిన వంకాయ ఎణ్ణెగాయి. మన గుత్తివంకాయ, పాతబస్తీ బఘారా బైంగన్, గుల్బర్గా ఎణ్ణెగాయి, మూడూ పల్లీ, నువ్వుల మీదనే నడుస్తయి. రాజ్యం పోయింది, గా పల్లీ నువ్వుల ముద్ద మాత్రం పదహారు జిల్లాలను ఇయ్యాల్టికీ పట్టుకొనే ఉన్నది. దక్కన్ ఒక్కటని ఎవరన్న అడిగితే నేను చూపెట్టే సాక్ష్యం అదే.

మొజంజాహి మార్కెట్ ముచ్చట తొందరగ చెప్త. 1935 నాటి రాతి కట్టడం, ఏడో నిజాం రెండో కొడుకు పేరు. అక్కడ ఐస్‌క్రీం తినాలె. ఎండకాలం సీతాఫలం దొరకదు, మామిడి ఐస్‌క్రీం తినుండ్రి. శీతాకాలం ముందట పోతే సీతాఫలం ఐస్‌క్రీం. అక్కడనే కరాచీ బేకరీ, 1953. దేశం రెండైనంక సింధ్ నించి కట్టుబట్టలతోని వచ్చిన కుటుంబం పెట్టింది. ఊరు పోయింది గాని ఊరి పేరు బోర్డు మీద పెట్టుకున్నరు. ఆ పేరు తీయమని ఎవరన్న అంటే నాకు కడుపు మండుతది. పుట్టిన ఊరి పేరు పెట్టుకునుడు తప్పా?

నుమాయిష్, అదే ఎగ్జిబిషన్, ఇప్పుడు నడుస్తున్నది గదా, మీరు పోతనన్నరు. ఉస్మానియాల సదివిన పట్టభద్రులు 1938ల బాగె ఆంల దాన్ని మొదలువెట్టిండ్రు, 1946ల నాంపల్లి మైదానానికి మార్చిండ్రు. ఆ సొసైటీ పైసలతోని సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం లాంటి ఆడపిల్లల కాలేజీలు నడుస్తయి. మీరు కొనే టికెట్ల పైసలు ఏ పిల్ల సదువుకో పోతయి. సలిల నిలవడి వేడి మిర్చి బజ్జి తినుండ్రి, మీద ఉల్లిగడ్డ, నిమ్మకాయ పిండిచ్చుకోండ్రి. నోరు మండితే మండనియ్యుండ్రి.

మా బ్యాంకు 2017 ఏప్రిల్ 1న పెద్ద స్టేట్ బ్యాంకుల కలిసిపోయింది. పర్భణీ ఆయన ఫోన్ చేసి, "ఇగ డబ్బాలు ఎవరు విప్పుతరు" అన్నడు. చానసేపు మాట్లాడుకున్నం, ఎక్కువ తిండి గురించే.

ఒక్కటి మాత్రం రాసుకోండ్రి, మీ ఫోన్ల దొరకదు. నాంపల్లిల యూసుఫైన్ దర్గా దిక్కు గల్లీల, బోర్డు లేని చిన్న హోటళ్లల్ల పొద్దుగాల ఖిచిడి, ఖీమా, ఖట్టా పెడతరు. పెసరపప్పో, ఎర్రపప్పో ఏసిన పలుకు పలుకు ఖిచిడి, సన్నటి ఖీమా, నువ్వులు చింతపండు నూరి పల్చగ కలిపిన ఖట్టా. ముందుగాల ఖిచిడిల గుంత చేసి ఖట్టా పోసుకోవాలె, ఖీమా తర్వాత. పాపడ్ ఇరిచి మీద జల్లుకోవాలె. ఎనిమిది లోపలనే పోండ్రి. తొమ్మిదయిందంటే ఖిచిడి ఉంటది గాని ఖట్టా అయిపోతది, ఖట్టా లేంది దానికి పైసలియ్యుడు దండగ.