పశుపోషణలో వృక్ష, శిలీంధ్ర ద్రవ్యాలు

మొక్కల నుంచి, ఈస్టు, బూజు వంటి శిలీంధ్రాల నుంచి తీసి, పశువుల, కోళ్ల జీర్ణశక్తినీ రోగనిరోధక శక్తినీ నిలబెట్టడానికి దాణాలోనో మందుగానో వాడే పదార్థాలను వృక్ష, శిలీంధ్ర ద్రవ్యాలని వ్యవహరిస్తారు. శాలిహోత్రుడి పేరిట అశ్వవైద్యం, పాలకాప్యుడి పేరిట గజవైద్యం సంస్కృతంలో గ్రంథస్థం కాగా, తెలుగులో మనుమంచి భట్టు అశ్వశాస్త్రాన్ని పద్యాల్లో చెప్పాడు. అయితే ఇవన్నీ రాజుల గుర్రాల కోసం, ఏనుగుల కోసం పుట్టినవి. పాడిపశువు వైద్యం మాత్రం చాలావరకు కాగితమెక్కకుండా రైతుల, కాపరుల నోటి మీదే నడిచింది. కడుపు ఉబ్బిన ఎద్దుకు వాము, ఇంగువ నూరి నూనెలో కలిపి గొట్టంతో పోయడం, కడుపులోని పురుగులకు మోదుగ గింజలు పెట్టడం అటువంటివే. వాములో సూక్ష్మజీవులను చంపే థైమాల్, మోదుగ గింజల్లో పురుగులపై పనిచేసే పాలసోనిన్ ఉన్నట్లు తరువాతి రసాయన పరీక్షల్లో తేలింది. నూనె సంగతికొస్తే, అది పొట్టలోని నురగను విరగ్గొట్టి అందులో చిక్కిన వాయువుకు దారి ఇస్తుంది.

20వ శతాబ్ది మధ్యలో ఈ వైద్యం వెనకబడింది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు అధిపతిగా ఉన్న కాలంలో, వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డుగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను రాబట్టగా, అది 1948లో వెలుగులోకి వచ్చింది. ఆ జీవి బాక్టీరియా వర్గానిదే అయినా, పోగులు పోగులుగా పెరుగుతుంది గనుక అప్పట్లో దాన్ని బూజుతో కలిపి లెక్కించేవారు. మందు తీయగా మిగిలిన పిప్పిని అక్కడే పనిచేసే థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ బి12 విటమిన్ కోసం కోడిపిల్లలకు మేపితే, అవి విటమిన్ లెక్కకు మించి బరువెక్కాయి. 1951లో అమెరికా ప్రభుత్వం పశువైద్యుడి చీటీ లేకుండానే దాణాలో యాంటీబయాటిక్‌లు కలపడానికి అనుమతించింది. టన్ను దాణాకు కొన్ని గ్రాములతో సరిపోయే, ఎప్పుడు కొన్నా ఒకే బలంతో దొరికే పొడి ముందు, నేలను బట్టీ కారును బట్టీ గుణం మారే వేరూ ఆకూ నిలవలేకపోయాయి.

మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరుగుతున్నాయన్న భయం బ్రిటన్‌లో 1969 నాటి స్వాన్ నివేదికతో బలపడింది. పెరుగుదల కోసం యాంటీబయాటిక్‌లు మేపడాన్ని స్వీడన్ 1986లోనూ, యూరోపియన్ యూనియన్ మొత్తంగా 2006 జనవరి 1 నుంచీ నిషేధించాయి. భారతదేశం 2019లో కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను పశువులకు, కోళ్లకు వాడకుండా ఆపింది. ఆ ఖాళీలోకి థైమాల్, కార్వక్రాల్ వంటి సుగంధ తైలాంశాలు, వెల్లుల్లి సారం, టానిన్లు వచ్చాయి. యూరప్ చట్టంలో ఇటువంటి సారాల్లో ఎక్కువ భాగం ఆరోగ్యద్రవ్యాలుగా కాక, దాణాకు రుచినిచ్చే పదార్థాలుగా నమోదు కావడం కొంత వింతే. వగరునిచ్చే టానిన్లు మోతాదులో ఉంటే మేతలోని మాంసకృత్తులను నెమరు పొట్టలో కరగకుండా కాపాడి ముందుకు పంపుతాయి. మోతాదు మించితే పశువు మేతే ముట్టదు.

శిలీంధ్రాల వైపు కథ 1941లో ఈస్టు కణాల గోడ నుంచి తీసిన జైమోసాన్‌తో మొదలైంది. అందులోని బీటా గ్లూకాన్ అనే చక్కెర గొలుసును శరీరంలోని రక్షక కణాలు శిలీంధ్రపు ఆనవాలుగా గుర్తుపట్టి అప్రమత్తమవుతాయి. అదే గోడలోని మన్నాన్‌కు ఈ.కోలై వంటి బాక్టీరియా అంటుకుని, పేగుకు పట్టుకోకుండా పేడతో పోతాయి. శిలీంధ్రాలన్నీ మేలు చేసేవి కావు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోవడానికి కారణం వేరుశనగ చెక్కకు పట్టిన బూజు విషమైన అఫ్లటాక్సిన్.

ఇంటి వైద్యాన్ని కొలతల్లోకి తెచ్చిన ప్రయత్నాల్లో తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయంలో రూపొంది, జాతీయ పాడి అభివృద్ధి బోర్డు ప్రచారం చేసిన పొదుగువాపు లేపనం ముఖ్యమైనది. 250 గ్రాముల కలబంద, 50 గ్రాముల పసుపు, 15 గ్రాముల సున్నం కలిపి రుబ్బితే, పసుపులోని కర్క్యుమిన్ సున్నపు క్షారంతో కలిసి పారాణిలా ఎర్రబడుతుంది. పాలు పూర్తిగా పిండి, పొదుగు కడిగి, ఈ ముద్దలో కొంత నీటితో పలచన చేసి రోజుకు పది సార్ల చొప్పున ఐదు రోజులు పూస్తారు. కర్క్యుమిన్ క్షారంలో ఎక్కువసేపు నిలవదు గనుక ఏ రోజు ముద్ద ఆ రోజే రుబ్బుకోవలసి ఉంటుంది.