గ్రామరక్షకుడు తలారి – కొండసీమలో దొంగల వేట

ఉదయగిరి యనగానే మనవారు శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుండి దుర్గమును గైకొన్న కథనే చెప్పుదురు. ఆ కథ చెప్పువారు పెక్కుమంది కలరు గాన దానిని వారికే విడిచి, ఏ శాసనమునకును ఎక్కని యొక మనిషిని గూర్చి నాలుగు మాటలు వ్రాయుచున్నాను. అతడు చేత కఱ్ఱతో, భుజమున కంబళితో రాత్రులు ఊరిచుట్టు తిరిగిన తలారి.

మన ఉదయగిరి, ఆత్మకూరు సీమలకు పడమట వెలిగొండలు గోడవలె నిలిచియున్నవి. సోమశిలవద్ద పెన్న ఆ గోడను చీల్చుకొని వచ్చుచున్నది. తూర్పుపల్లెలో కన్నము వేసినవాడు తెల్లవారులోగా కనుమ దాటెనా, కడప జిల్లాలో నుండును. ఫిర్యాదు పుచ్చుకొనిన ఠాణా వేఱు, దొంగ చేరిన చోటి ఠాణా వేఱు. కాబట్టి ఈ ప్రాంతమున దొంగను పట్టుట కొండదారులెఱిగినవాని పనియే గాని గుఱ్ఱమెక్కిన దొరల పని గాదు.

పూర్వము కావలి యను కట్టుబాటు ఉండెను. రైతులు కావలికాండ్రకు పంటలో రుసుము ఇచ్చుచుండిరి. సొత్తు పోయినచో దానిని రాబట్టుటయో, రాబట్టలేనిచో నష్టమును పూరించుటయో వారి బాధ్యత. అడుగుజాడ పట్టి పోవగా అది పొరుగూరి పొలిమేరలో ప్రవేశించెనా, జవాబు చెప్పవలసిన భారము ఆ యూరికి మారెడిది. (కావలి పట్టణమునకు ఆ పేరు ఉదయగిరి ప్రభువుల కావలిదండు వలన వచ్చినదని పెద్దలందురు.) ఈ కట్టుబాటు పాళెగాండ్ర చేతిలో పడి రక్షణ కంటె పీడన యెక్కువయ్యెను. కావలివాడే దొంగలతో పంచుకొనుటయు కలదు. కుంపిణీ ప్రభుత్వము దానిని తీసివేసి దారోగాలను నియమించెను. ఆ జీతగాండ్రకు ఊరు తెలియదు, ఊరికి వారు తెలియరు. తుదకు 1816లో పదునొకండవ రెగ్యులేషను చేసి గ్రామ మునసబునే గ్రామపోలీసునకు పెద్దగా నిలిపిరి. ఆ మునసబునకు కన్నును కాలును తలారియే. 1859లో చట్టము చేసి వేఱుగా పోలీసుదళమును ఏర్పరచిన పిదపను దొంగజాడ తీయుటకు వచ్చిన జవాను మొట్టమొదట పిలిచినది తలారినే.

ఇట్టి పని మన దేశమునకే చెల్లినది కాదు. అమెరికాలో షెరీఫను రక్షణాధికారిని ప్రజలు ఓటువేసి ఎన్నుకొందురు. అతని చేతిక్రిందివాడు డిప్యూటీ షెరీఫు. ఆర్థికమాంద్యమున మనయొద్ద ధాన్యపు ధర సుమారు సగమునకు దిగిపోయి రైతు శిస్తుకట్టలేని యాయేండ్లలోనే, టెక్సాస్ రాష్ట్రపు డల్లాసులో టెడ్ హింటన్ అను డిప్యూటీ క్లైడ్ బారో, బానీ పార్కర్ అను బందిపోటు జంటను తఱుముచుండెను. వింత యేమనగా, హింటను తపాలా ఉద్యోగిగా నున్నపుడు బానీ యొక భోజనశాలలో వడ్డించు పిల్ల; ఆమెను అతడెఱుగును. 1933 నవంబరు 22న మాటు వేసి కాల్చినను జంట గాయములతో తప్పించుకొనెను. 1934 మే 23 ఉదయము లూసియానాలో ఆర్గురు అధికారులు పొదలచాటున పొంచి, కారు రాగానే సుమారు 130 గుండ్లు పేల్చిరి. క్లైడునకు 25 ఏండ్లు, బానీకి 23. హింటను చిన్న కెమేరాతో ఆ దృశ్యమును చిత్రము తీసెను. ఆ యార్గురిలో కడపట మిగిలినవాడై 1977లో మరణించెను.

హింటను వెంబడించినది హత్యలు చేసినవారిని. మన తలారి చేత ప్రభుత్వము చేయించిన కాపలా యట్టిది కాదు. 1871లో ఉత్తరాన పుట్టిన నేరస్థజాతుల చట్టమును 1911లో మదరాసు రాజధానికి విస్తరింపజేసిరి. ఎఱుకలవారు ఆ పట్టికలోని కెక్కిరి. వారు తొల్లి సముద్రతీరపు ఉప్పును పశువులపై నెత్తి కొండసీమకు చేర్చి, మారుగా ధాన్యము తెచ్చుకొన్న వర్తకులు. రైలు వచ్చి ఉప్పుబేరమును మ్రింగినది. 1882 అడవిచట్టము పశువులమేతను అడ్డుకొన్నది. బ్రతుకుతెరువు పోయినవానికి మిగిలిన దారి యేదో వేఱుగ చెప్పనక్కఱలేదు. అయినను దొంగతనము చేసినవాడును చేయనివాడును ఒకే పుస్తకమున చేరుట న్యాయమని నాకు తోచదు. పేరెక్కినవాడు చేతిముద్ర వేసి, హాజరు చెప్పి, ఊరు విడుచుటకు అనుమతి పొందవలెను. లెక్క యనునది నేల కొలతకు బాగు. మనిషి పుట్టుకకు గాదు. కొందఱిని కుటుంబములతో సెటిల్మెంట్లకు తరలించిరి. బాపట్ల సమీపమున సాల్వేషన్ ఆర్మీవారు నడపినది స్టువర్టుపురము. మన జిల్లాలో కావలియందు అమెరికన్ బాప్టిస్టు మిషనువారు నడపిరి. బిట్రగుంట చేరువనున్న కప్పరాళ్లతిప్ప పేరు మీరెఱుగనిది కాదు.

యానాదుల కథ ఇంకను చిత్రము. నెల్లూరు సీమలో చేనిని, దొడ్డిని, ఇంటిని కాచుటకు రైతు నమ్మిపెట్టుకొన్నది యానాదినే. అదే యానాదులను అదే ప్రభుత్వము దొంగలుగా అనుమానించి పట్టికలో చేర్చినది. పగలు పొలము కాచినవాడు రాత్రి తన్ను తాను అప్పగించుకొనవలసి వచ్చెను. తలారి యేమి చేయును? తనతో గంజి త్రాగిన వాని గుడిసె తలుపు తట్టి, వాడున్నాడో లేడో చూచి మునసబునకు చెప్పెను. వాడు లేడని చెప్పుట వానిని చెఱకు పంపుట. ఉన్నాడని అబద్ధమాడుట తన మాన్యమును పోగొట్టుకొనుట.

ఈ చట్టముపై పోరాడినవారిలో మన జిల్లావారే యొకరు కలరు. వెన్నెలకంటి రాఘవయ్యగారు (1897–1981) న్యాయవాదియై యుండి, యానాదుల సేవకు పూనుకొని, వారిని ఆ పట్టిక నుండి తప్పించుటకు పాటుపడిరి. మదరాసు ప్రభుత్వము 1947లోను, భారతప్రభుత్వము 1952 ఆగస్టు 31 నుండియు చట్టమును రద్దుచేసినవి. నేడు యానాదులును ఎఱుకలవారును షెడ్యూల్డు తెగలలో నున్నారు. 1984లో మునసబు కరణముల పదవులు పోయినవి. తలారులు గ్రామసేవకులను పేర కొనసాగిరి. రాఘవయ్యగారికి 1973లో పద్మభూషణ బిరుదము వచ్చినది. యానాదులను గూర్చి ఆయన 1962లో ప్రకటించిన గ్రంథము ఆంగ్లమున నున్నను, మన గ్రంథాలయపు బీరువాలో దాని కొక చోటు కల్పింపవలెనని కార్యవర్గమువారిని కోరుచున్నాను.