ల్యాప్ స్టీల్: పేరులోని ఉక్కు

ల్యాప్ స్టీల్ గిటార్ అనే పేరులోని ‘స్టీల్’ వాద్యపు ఒడలికి గానీ తీగలకు గానీ చెందినది కాదు. ఒడిలో వెల్లకిలా ఉంచిన గిటార్ తీగల మీద వాదకుడు ఎడమచేత పట్టి జార్చే ఉక్కు కడ్డీ నుంచి ఆ మాట వచ్చింది. 19వ శతాబ్ది చివర హవాయి దీవుల్లో ఈ వాదన పద్ధతికి రూపమిచ్చినవాడిగా జోసెఫ్ కెకుకును చెబుతారు. ‘ల్యాప్’, అనగా ఒడి, అనే విశేషణం కాళ్లపై నిలిచే పెడల్ స్టీల్ నుంచి దీన్ని వేరుచేస్తుంది. తీగలు ఎత్తుగా ఉండి కడ్డీ మెట్లను తాకదు గనుక, ఇందులో మెట్లు స్వరస్థానాల గుర్తులు మాత్రమే. పాత గిటార్లలో ల్యాప్ స్టీల్‌ను పోల్చుకోవడానికి ఎత్తుగా ఉన్న తీగలే తొలి ఆనవాలు.

జార్జ్ బీచం రూపకల్పనతో 1932లో లాస్ ఏంజెలెస్‌లో అమ్మకానికి వచ్చిన అల్యూమినియం విద్యుత్ ల్యాప్ స్టీల్‌కు, గుండ్రని ఒడలూ పొడవాటి మెడా ఉన్నందున, ‘ఫ్రైయింగ్ పాన్’, అంటే వేపుడు పెనం, అనే పేరు స్థిరపడింది. వేడికి లోహం వ్యాకోచించి శ్రుతి తప్పేది కాబట్టి ఆ వేళాకోళం పూర్తిగా అన్యాయం కాదు. తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌లో, తీగలను చుట్టిన గుర్రపునాడా అయస్కాంతాల వెడల్పు ఒకటిన్నర అంగుళమైతే అది రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి నిర్మాణమని, ఒకటింపావు అయితే తర్వాతిదని సాధారణంగా నిర్ణయిస్తారు. వాద్యంపై తయారీదారు రికెన్‌బాకర్ పేరు ఆంగ్ల లిపిలో ‘కె’కు బదులు ‘హెచ్’తో ఉండటం కూడా ప్రాచీనతకు సూచనే. కొత్తగా మెరుగుపెట్టిన ఒడలి కన్నా, మాసినా అసలు పికప్ నిలిచి ఉన్న వాద్యానికే సేకర్తలు ఎక్కువ వెల కడతారు.